చెట్టు కొట్టేసి కాయేదంటే?

నూజివీడు వైపు మామిడీ, క్రికెట్టూ ఒకేసారి కాపుకొస్తాయి. మార్చి నెలాఖరుకి కాయలో టెంక ముదురుతుంటే ఐపీఎల్ మొదలవుతుంది. రసాలు జోరుగా దిగే మే నెలాఖరుకి ఫైనల్ అయిపోతుంది. మధ్యలో ఆ రెండు నెలలూ ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట... ఎటు తిరిగినా తోటల్లో రాత్రి కాపలాలే. కాపలా అంటే నిద్ర ఆపుకోవడం. అందుకు సెల్‌ఫోన్‌లో మ్యాచ్‌ని మించిన మందు లేదు. చీకట్లో చెట్ల మధ్య నుంచి ‘అబ్బా!’ అని వినపడిందంటే దొంగలు పడ్డారని కంగారు పడక్కర్లేదు. హైదరాబాద్ వికెట్ పడిందని అర్థం.

ఆ ‘అబ్బా’ వెనకాలే ఒక తిట్టు కూడా వస్తుంది. ఒకప్పుడు అది ఆటగాడికి తగిలేది. కొన్నేళ్లుగా ఓనరుకి తగులుతోంది.

‘‘అసలు వార్నర్‌ని ఎందుకు వదులుకున్నారు బాబాయ్?’’

‘‘వాళ్ల డబ్బు, వాళ్లిష్టం. నిన్నడిగి చెయ్యాలేంట్రా?’’

తోటల్లో, టీ కొట్ల దగ్గర ఈ సంభాషణ మామూలే. ఎప్పుడూ బాబాయే గెలుస్తాడు. అబ్బాయి దగ్గర జవాబుండదు. ఆ జవాబేదో వెతుకుదామనే ఈ వారం ఈ గోల.

వాళ్ల డబ్బు వాళ్లిష్టమేనా? నూజివీడుకి ఈ ప్రశ్న కొత్తేం కాదు. ఇక్కడ చాలాచోట్ల తోట ఒకరిది, కాపు ఇంకొకరిది. పూత మీదో పిందె మీదో రైతు తోటని గుత్తకిచ్చేస్తాడు. మందు కొట్టించడం, కాపలా పెట్టడం, కోత, లారీ, నున్న మార్కెట్లో బేరం అన్నీ గుత్తదారు చూసుకోవాల్సిందే. కాపు బాగుంటే అతని అదృష్టం, గాలివానొస్తే అతని ఖర్మ. ఒక్క ఏడాదికైతే పేచీ లేదు. రెండు మూడేళ్లకి ఇచ్చినప్పుడే రైతుకి గుబులు. చెట్టు ఇంకెన్నాళ్లు బతుకుతుందన్నది గుత్తదారు లెక్కలోకి రాదు, తన గడువులో ఎంత కాస్తుందన్నదే లెక్క. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు మొహం చాటేసే చెట్టు చేత ఏటా పూయించాలని కల్టార్ పోస్తారు. మోతాదులో పోస్తే తప్పు లేదు. మోతాదు మించితే మాత్రం చెట్టు ఎదుగుదలే కుంగిపోతుంది. గడువు తీరాక గుత్తదారు ఇంకో తోట చూసుకుంటాడు. గిడసబారిన చెట్టు మొహం చూస్తూ కూర్చోవాల్సింది రైతు. (అందరూ ఇలాగే ఉంటారని కాదు. సొంత తోటలా చూసుకునే గుత్తదారులూ ఉన్నారు. వాళ్ల కోసం రైతులు ఎదురు చూస్తారు.)

తెలుగువాళ్ల క్రికెట్ తోట 2008 నుంచి ఇప్పటికి ఇద్దరి చేతుల్లో పడింది. రెండు కథలూ చెప్పుకోవాలి.

మొదటిది డెక్కన్ ఛార్జర్స్. దక్కన్ క్రానికల్ సంస్థ 2008లో 10.7 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. ఒక్క సైమండ్స్‌కే 13.5 లక్షల డాలర్లు. ఆ వేలంలో ధోనీ తర్వాత అంత ధర పలికింది అతనికే. గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిది, మన లక్ష్మణ్, ఇంకా మీసాలు సరిగా రాని రోహిత్ శర్మ. కాగితం మీద చూస్తే అరివీర భయంకరమైన జట్టు. మైదానంలో 14 మ్యాచ్‌లాడి రెండు గెలిచింది. ఆఖరి స్థానం.

ఇక్కడే ఒక మంచి పని జరిగింది. చెట్టు కాయలేదని కొట్టెయ్యలేదు. కెప్టెన్సీ గిల్‌క్రిస్ట్‌కి అప్పగించారు, ముఖ్యమైన వాళ్లని అలాగే ఉంచారు. 2009లో పోటీలు దక్షిణాఫ్రికాకి వెళ్తే, మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరు మీద 6 పరుగులతో గెలిచి కప్పు పట్టుకొచ్చారు. ఆఖరి స్థానం నుంచి ఒక్క ఏడాదిలో మొదటి స్థానానికి! అప్పట్లో దాన్నెవరూ ‘రీబిల్డింగ్’ అనలేదు. ఆ మాట ఇంకా మన ఊళ్లకి దిగుమతి కాలేదు.

ఆ తర్వాతే దెబ్బ. 2011 వేలానికి ముందు ఒక్కరంటే ఒక్కర్ని కూడా అట్టిపెట్టుకోలేదు. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కి, లక్ష్మణ్ కొచ్చికి, రోహిత్ శర్మ 20 లక్షల డాలర్లకి ముంబైకి వెళ్లిపోయారు. ఆ రోహిత్ ముంబైకి కెప్టెన్‌గా అయిదు కప్పులు తెచ్చిపెట్టాడు. మన పెరట్లో అంటుకట్టిన మొక్క పక్కింట్లో కాసిందన్నమాట. ఇక్కడ 2011లో ఏడో స్థానం, 2012లో ఎనిమిదో స్థానం. అప్పటికే యాజమాన్యం అప్పుల్లో మునిగింది. ఆటగాళ్లకి ఇవ్వాల్సిన డబ్బుల గురించి కూడా పేపర్లలో వార్తలొచ్చాయి. 2012 సెప్టెంబరులో జట్టుని అమ్మకానికి పెడితే పీవీపీ సంస్థ 900 కోట్ల రూపాయలకి పాడింది, చాలదన్నారు. మర్నాడే, సెప్టెంబరు 14న, బీసీసీఐ జట్టుని రద్దు చేసేసింది. తర్వాత కథంతా కోర్టుల్లో నడిచింది. 2020లో మధ్యవర్తి పాత యాజమాన్యానికి 4,800 కోట్లు ఇప్పించమన్నారు. 2021లో బాంబే హైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఇన్ని వేల కోట్ల వాదోపవాదాల్లో 2009 కప్పు చూసి ఊళ్లో టపాసులు కాల్చినవాడి ఊసు ఎక్కడా లేదు. ఉండదు కూడా. అతను పార్టీ కాదుగా!

రెండో యజమాని చెన్నై సన్ టీవీ. ఏటా 85.05 కోట్ల చొప్పున పాడి జట్టుని దక్కించుకున్నారు. ఉన్నమాట చెప్పుకోవాలి. వీళ్లొచ్చాక జట్టు కుదుటపడింది. 2016లో వార్నర్ కెప్టెన్సీలో కప్పొచ్చింది. వార్నర్ ఆ ఏడాది 848 పరుగులు చేశాడు, అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవాడు భువనేశ్వర్. 2016 నుంచి 2020 వరకు వరసగా అయిదేళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. మామిడి చెట్టు కూడా వరసగా అయిదేళ్లు కాయదు! వార్నర్, విలియమ్సన్, భువనేశ్వర్, రషీద్ ఖాన్ అనే నాలుగు చెట్ల నీడన ఆ అయిదేళ్లూ నడిచాయి. లాక్‌డౌన్‌లో వార్నర్ ‘బుట్టబొమ్మ’కి స్టెప్పులేశాక అతను మన మేనమామ కొడుకైపోయాడు.

2021 మే 1న, ఇంకా సీజన్ సగమైనా కాకుండానే, వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తీసేశారు. మర్నాడు ఢిల్లీలో రాజస్థాన్‌తో మ్యాచ్‌కి జట్టులోనే లేడు. మంచినీళ్ల సీసాలు మోశాడు. ఆడకపోతే తీసేయడం ఆటలో మామూలే. ఎందుకు తీసేశారో తనకి సరిగా చెప్పలేదని తర్వాత అతనే బయటపెట్టాడు. ఆ ఏడాది హైదరాబాద్‌ది ఆఖరి స్థానం. అదే ఏడాది నవంబరులో టీ20 ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడెవరంటే... డేవిడ్ వార్నర్! ఆ రాత్రి ఓనరుని తిట్టని తెలుగు క్రికెట్ అభిమాని ఉంటే చెప్పండి, సన్మానం చేద్దాం.

అక్కణ్నుంచి తోటకి గొడ్డలి తగులుతూనే ఉంది. 2022 వేలానికి ముందు రషీద్ ఖాన్ వెళ్లిపోయాడు, గుజరాత్ అతనికి 15 కోట్లిచ్చింది. ఆ వేలంలో పూరన్‌ని 10.75 కోట్లకి కొన్నారు, ఏడాది తిరక్కుండానే వదిలేశారు. లక్నో అతన్నే 16 కోట్లకి ఎగరేసుకుపోయింది. విలియమ్సన్‌నీ వదిలేశారు. తర్వాతి వేలానికి అందరికంటే బరువైన సంచి, 42.25 కోట్లు, మనదే. హ్యారీ బ్రూక్‌కి 13.25 కోట్లు పెట్టారు. సీజన్ మొత్తం కలిపి 190 పరుగులు చేశాడు. అందులో సరిగ్గా 100 ఒక్క రోజే, కోల్‌కతా మీద. మిగతా రోజులన్నీ కలిపి 90. అతన్నీ వదిలేశారు. 2023లో మళ్లీ ఆఖరి స్థానం. 2021 నుంచి 2024 వరకు నాలుగు సీజన్లలో నలుగురు కెప్టెన్లు, నలుగురు కోచ్‌లు. ఇంటికి సున్నం వేసేవాళ్లని కూడా మనం ఇంత తరచుగా మార్చం.

2023 జులైలో ‘జైలర్’ పాటల వేడుకలో రజనీకాంత్ కూడా మైకు ముందు ఓనరుగారికి మొర పెట్టుకున్నారు. మంచి ఆటగాళ్లని కొనండి, టీవీలో కావ్య మొహం చూడలేకపోతున్నామని సరదాగా అన్నారు. సొంత నిర్మాతని అంతమంది ముందు అంత మాట అనగలిగింది ఆయన కాబట్టి చెల్లింది. నూజివీడు అబ్బాయి మైకు పట్టుకుంటే ఎవరు వింటారు?

విన్నారో ఏమో, 2023 డిసెంబరులో కమిన్స్‌కి 20.5 కోట్లు, హెడ్‌కి 6.8 కోట్లు పెట్టారు. అప్పుడూ వేళాకోళాలే. తీరా చూస్తే 2024 మార్చిలో ముంబై మీద 277, ఏప్రిల్‌లో బెంగళూరు మీద 287. తోటల్లో ఆ నెల కాపలావాళ్లెవరూ కునుకు తీసి ఉండరు. ఫైనల్లో మాత్రం చెన్నైలో 113కే కుప్పకూలారు. అయినా పెద్దగా ఎవరూ తిట్టలేదు. ఇది గమనించాల్సిన సంగతి. ఓడినందుకు కోపం లేదు. కాపు లేని ఏడాదిని మామిడి రైతు ఎలా సరిపెట్టుకుంటాడో, ఓటమిని అభిమాని అలా సరిపెట్టుకుంటాడు. కాసే చెట్టుని కొట్టేసి, కారణం చెప్పకుండా, ‘కొత్త మొక్క నాటాం, మూడేళ్లు ఆగండి’ అంటేనే మండుతుంది. ఆ మూడేళ్లు కాకముందే ఆ మొక్కనీ పీకేస్తే?

ఊరివాళ్ల సంగతి మరో పుండు. 2021లో అప్పటి ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్, స్థానికులు లేని జట్టుకి హైదరాబాద్ పేరెందుకని గట్టిగానే అరిచారు. అందులో రాజకీయం పాలు ఎంతైనా ఉండనివ్వండి, ప్రశ్న నిజమే. ఆటో డ్రైవరు కొడుకు మహ్మద్ సిరాజ్‌ని 2017లో 2.6 కోట్లకి కొన్నది సన్‌రైజర్సే. ఒక్క సీజన్ ఆడించి వదిలేశారు. 2025 ఏప్రిల్ 6న అతను గుజరాత్ చొక్కాతో ఉప్పల్‌కొచ్చి, 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసి మనవాళ్లనే ఓడించి వెళ్లాడు. స్టేడియంలో చప్పట్లు కొట్టాలో, తల పట్టుకోవాలో తేల్చుకోవడం కష్టం. తిలక్ వర్మ ముంబైకి ఆడతాడు. ఆశ పెట్టుకోవడానికి విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఉన్నాడు. 20 లక్షలకి కొని, ఓపిక పట్టి ఆడించి, 2025కి 6 కోట్లిచ్చి అట్టిపెట్టుకున్నారు. చేత్తో నాటి, నీళ్లు పోసి పెంచితే ఎలా ఉంటుందో వాళ్లకీ తెలుసన్నమాట. తెలిసీ చెయ్యకపోవడమే బాధ.

డబ్బు విషయంలో అభిమానులు కొంత పొరపడుతుంటారు. ‘పిసినారి ఓనరు’ అనే తిట్టు ఇక్కడ చెల్లదు. 2025 వేలానికి ప్రతి జట్టుకీ ఖర్చు పరిమితి ఒక్కటే, 120 కోట్లు. హైదరాబాద్ అందులో 75 కోట్లు అయిదుగురికే పెట్టేసింది. క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, అభిషేక్‌కి, హెడ్‌కి చెరో 14, నితీశ్‌కి 6. మిగిలిన 45 కోట్లతో మొత్తం జట్టుని నింపాలి. అందులో ఇషాన్ కిషన్‌కి 11.25, షమీకి 10. పదకొండేళ్లు చాకిరీ చేసిన భువనేశ్వర్ ఆ లెక్కల్లో జారిపోయి బెంగళూరు చేరాడు, 10.75 కోట్లకి. ఆ ఏడాది కప్పు బెంగళూరుదే. మనం ఆరో స్థానం. 10 కోట్ల షమీని ఒక్క సీజన్ ఆడించి లక్నోకి ఇచ్చేశారు. ఖర్చు పెట్టలేదని కాదు గొడవ, ఎందుకు పెడుతున్నారో, ఎన్నాళ్లకని పెడుతున్నారో తెలియకపోవడం గొడవ.

ఖర్చే పెట్టని ఓనర్లు కావాలంటే అమెరికా వెళ్లాలి. అక్కడి బేస్‌బాల్లో జట్టు ఖర్చుకి గట్టి పైకప్పూ లేదు, అడుగూ లేదు. ఎవరి తాహతు వారిది. మన పిల్లలు కాపురాలుండే ఫ్రీమాంట్, శాన్‌హోజేలకి దగ్గర్లోనే ఓక్‌లాండ్ ఉంది. అక్కడి ‘ఎ’స్’ జట్టు ఓనరు జాన్ ఫిషర్ మంచి ఆటగాళ్లందర్నీ ఒక్కొక్కరిగా పంపించేసి, రీబిల్డింగ్ అన్నారు. 2023లో ఆ జట్టు 162 మ్యాచ్‌లలో 112 ఓడింది. విసిగిన అభిమానులు ఆ ఏడాది జూన్ 13న తమాషా నిరసన చేశారు. స్టేడియానికి రావడం మానెయ్యడం కాదు, అందరూ కట్టగట్టుకుని వచ్చారు. 27 వేల పైచిలుకు జనం. చాలామంది ఒంటి మీద ఆకుపచ్చ చొక్కాలు, వాటి మీద ‘అమ్మెయ్’ అన్న ఒకే మాట. జనం లేకపోబట్టి జట్టు నడవట్లేదనే సాకుకి అది జవాబు. ఆ రాత్రి జట్టు గెలిచింది కూడా. ఓనరు మాత్రం అమ్మలేదు. 2024 సీజన్ అయ్యాక జట్టునే ఊరు దాటించేశారు, లాస్‌వెగాస్ వెళ్లే దారిలో ప్రస్తుతానికి శాక్రమెంటోలో మకాం.

ఓపిక పడితే ఫలించిన కథా అక్కడే ఉంది. హ్యూస్టన్ జట్టు 2013లో 111 మ్యాచ్‌లు ఓడి 2017లో చాంపియనైంది. (కెమెరాతో ఎదుటివాళ్ల సైగలు దొంగిలించారని తర్వాత తేలి ఆ కప్పుకి మచ్చ పడిందనుకోండి, అది వేరే కథ.) అక్కడ వెనకబడ్డ జట్లకి కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడంలో ముందు వరస దొరుకుతుంది. ఓటమికి అంతోఇంతో ఫలం ఉంది. ఐపీఎల్‌లో ఆ పద్ధతే లేదు. పైగా మూడు నాలుగేళ్లకోసారి మెగా వేలమని నలుగురైదుగురిని ఉంచుకుని మిగతా తోటంతా నరికెయ్యాలి. అంటే ఇక్కడ రీబిల్డింగ్ అన్న మాట వినడానికి బాగుంటుందే కానీ, కాపుకొచ్చేంత గడువే ఉండదు. ఈ తప్పు మాత్రం ఓనర్లది కాదు, ఆట నడిపే వాళ్లది.

ఇప్పుడు బాబాయ్ మాటకొద్దాం. వాళ్ల డబ్బు వాళ్లిష్టం! 2023 నుంచి 2027 వరకు అయిదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకి అమ్ముడయ్యాయి. అందులో జట్ల వాటా చాలావరకు సమానంగానే పంచుతారు. గెలిచిన జట్టుకీ, ఆఖరున నిలిచిన జట్టుకీ పెద్ద తేడా ఉండదు. అంటే కాపు ఉన్నా లేకున్నా గుత్త సొమ్ము ఇంటికే వస్తుంది. ఇలాంటి తోట నూజివీడు చుట్టుపక్కల ఏ రైతుకైనా ఉంటే ఆయన కాళ్లకి దణ్నం పెట్టొచ్చు! ఆ 48,390 కోట్లు ఎవరు చూస్తారని ఇచ్చారు? ఉప్పల్‌కి దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలో, తోటలో మంచం మీద పడుకుని ఫోన్ చూసే కుర్రాడు చూస్తాడనే కదా! అతను టిక్కెట్టు కొనకపోవచ్చు. అతని రాత్రుల్ని లెక్కగట్టే ఆ ధర కట్టారు. అబ్బాయ్, బాబాయ్‌కి ఈ జవాబు చెప్పు. తోట వాళ్లదే, నీళ్లు మాత్రం నీవి.

అయితే నీళ్లు ఆపెయ్యొచ్చుగా అంటారా? ఆపలేడు. 2025 మార్చిలో ఉచిత పాసుల గొడవలో హైదరాబాద్ క్రికెట్ సంఘం వేధిస్తోందని, ఇలాగైతే వేరే ఊరు చూసుకుంటామని సన్‌రైజర్స్ ఉత్తరం రాసింది. ఆ ఫిర్యాదు మీద ప్రభుత్వం విజిలెన్స్ విచారణకి కూడా ఆదేశించింది, కాబట్టి తప్పంతా ఓనరు నెత్తిన రుద్దలేం. కానీ రోజూ ఓనరుని తిట్టేవాళ్లే ఆ రెండు రోజులూ ‘జట్టు వెళ్లిపోతుందా’ అని అల్లాడిపోయారు. ఒకసారి జట్టు పోగొట్టుకున్నవాళ్లకి ఆ భయం ఉంటుంది. అదే యాజమాన్యం దక్షిణాఫ్రికాలో నడిపే ఈస్టర్న్ కేప్ జట్టు 2023, 2024లో వరసగా రెండు కప్పులు కొట్టింది. 2025లో ఇంగ్లండ్‌లో లీడ్స్ జట్టుని కూడా 10 కోట్ల పౌండ్లు పెట్టి కొన్నారు. ఓనరుకి మూడు తోటలు. నూజివీడు కుర్రాడికి ఒక్కటే.

ముదురు తోటని బాగు చేసే పద్ధతి ఒకటి ఇక్కడి రైతులకి తెలుసు. నలభై యాభై ఏళ్లు దాటి కాపు తగ్గిన చెట్టుని మొదలంటా నరకరు. పై కొమ్మలు కొట్టి, మోడు బతికుండగానే కొత్త చిగుళ్లు రానిస్తారు. రెండు మూడేళ్లలో అదే మోడు మీద మళ్లీ కాపు చూస్తారు. అన్ని చెట్లనీ ఒకే ఏడాది కొట్టనివాడు తెలివైన రైతు. సగం వరసలు ఈ ఏడు, సగం పై ఏడు. అలా చేస్తే ఇంట్లోకి కాయ ఆగదు.

2025లో అట్టిపెట్టుకున్న ఆ అయిదుగురి మూడేళ్ల గడువు 2027 సీజన్‌తో తీరుతుంది. 2028 సీజన్ మొదలయ్యే నాటికి క్లాసెన్‌కి 36 ఏళ్లు. కమిన్స్, హెడ్‌లకి 34. అభిషేక్‌కి 27, నితీశ్‌కి 24. ఏ వరస కొట్టాలో, ఏ వరస ఉంచాలో తేల్చుకోవాల్సిన ఏడాది అది. 2024 తొలకరిలో నూజివీడులో నాటిన చిన్నరసం అంటుకి కూడా మొదటి కాపు దాదాపు ఆ వేసవిలోనే.